మ్యూనిక్ ఒలింపిక్ పార్కు: ఒక్క రోజులో ఏం చూడాలి?

ప్రశ్న: వచ్చే నెల మ్యూనిక్‌లో ఒక రోజు ఖాళీ దొరుకుతోంది. 1972 ఒలింపిక్స్ పార్కుకే వెళ్దామని మావాడి పట్టు. ఖాళీ స్టేడియం చూడ్డానికి అంత దూరమా అని నా గొణుగుడు. ఇంకేమైనా ఉందా అక్కడ?

జవాబు 1: ఈత బట్టలు మర్చిపోకండి. 1972లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ 7 స్వర్ణాలు గెలిచిన కొలనులో టికెట్ కొనుక్కుని మనమూ ఈదొచ్చు. యాభై మీటర్లంటే ఏముందిలే అని దిగా. రెండోసారి తిరిగొచ్చేసరికి గట్టు పట్టుకుని రొప్పుతున్నా. పక్క లేన్‌లో ఒక ముసలావిడ మాత్రం గడియారంలా పోతూనే ఉంది! బయటికొచ్చి కప్పు చూడండి: ఉక్కు తీగల వల మీద అక్రిలిక్ పలకలు, గుడారంలా.

అన్నట్టు, అక్కడి గుట్ట అసలు గుట్టే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిన ఇళ్ల శిథిలాలు పోగేసి, పైన గడ్డి పెంచారు. పార్కు స్థలం అంతకుముందు విమానాశ్రయం.

జవాబు 2: స్టేడియం నుంచి బాయర్న్ ఫుట్‌బాల్ జట్టు 2005లోనే వెళ్లిపోయింది. 1972 ఒలింపిక్స్ సమయంలో జరిగిన ఉగ్రవాదుల దాడిలో చనిపోయిన 11 మంది ఇజ్రాయెల్ బృంద సభ్యుల స్మారకం దగ్గర కాసేపు ఆగండి. 2017లో కట్టారు.

ప్రశ్న అడిగినవారు: గుట్ట సంగతి మావాడికి చెప్పా. ఇప్పుడు ఈత బట్టలతో పాటు గడ్డపార కూడా తెస్తానంటున్నాడు.