ఢిల్లీలో చలికాలం పక్షులు: ఈసారి మీకేం కనిపించాయి?

మయూర్‌విహార్ తెలుగోడు:
నిన్న పొద్దున్నే యమునా బజార్ ఘాట్‌కి వెళ్ళాం. పడవ ఎక్కగానే పడవాయన మా చేతిలో సేవ్ (సన్న కారప్పూస) పొట్లం పెట్టి "ఆవో, ఆవో" అని ఒక్క కేక పెట్టాడు. అంతే, నీళ్ళ మీద తెల్లగా పరుచుకుని ఉన్నవన్నీ ఒక్కసారిగా లేచి మా నెత్తిన వాలినంత పని చేశాయి. మా అమ్మాయి భయంతో నా జర్కిన్‌లో దూరింది. ఇవి సైబీరియా పక్షులని పడవాయన అన్నాడు, నిజమేనా? ఇంకా ఎక్కడెక్కడ చూడొచ్చు? సంక్రాంతికి ఊరు వెళ్ళట్లేదు, కాబట్టి ఆదివారాలన్నీ ఖాళీయే.

నోయిడా పక్షిరాజు:
అవి గల్స్ అండీ, ఎక్కువగా బ్లాక్ హెడెడ్ గల్స్. పేరు చూసి నల్ల తల కోసం వెతక్కండి. చలికాలంలో తల తెల్లగానే ఉంటుంది, కంటి వెనక పెసరగింజంత నల్ల మచ్చ, అంతే. మార్చిలో వెళ్ళిపోయే ముందు మళ్ళీ ముదురు గోధుమరంగు టోపీ పెట్టుకుంటాయి. గుంపులో కాస్త పెద్దగా, కన్ను లేత రంగులో, రెక్క చివరి నలుపులో తెల్ల మచ్చలతో కనిపించేవి బ్రౌన్ హెడెడ్ గల్స్. అవి గుడ్లు పెట్టేది లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర. మొదటి ఏడాది నేను రెండూ ఒకటే అనుకుని ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించేశాను. ఎవరో పుణ్యాత్ములు మర్యాదగా సరిచేశారు.

మీకు దగ్గరలో అంటే ఓఖ్లా పక్షుల పార్కు. మెజెంటా లైన్‌లో దాని పేరు మీదే మెట్రో స్టేషన్ ఉంది. బాతుల్లో ముక్కు గరిటెలా ఉంటే షవెలర్, తోక సూదిలా సాగి ఉంటే పిన్‌టెయిల్. ఒళ్ళంతా నలుపు, నుదుట తెల్ల నామం ఉంటే కూట్. ఈ మూడూ గుర్తుపడితే మొదటి రోజుకి చాలు. నది వాసన మాత్రం భరించాలి.

టెక్కలి టు ద్వారక:
మనవాళ్ళకి బయటినుంచి ఏ పక్షి వచ్చినా సైబీరియానే! మా తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగల్నీ, గూడబాతుల్నీ చిన్నప్పటి నుంచీ సైబీరియా పక్షులనే అన్నాం. తీరా చూస్తే అవి మన దేశం పక్షులే. ఆ ఎర్రకాళ్ళ కొంగలే ఇక్కడ ఢిల్లీ జూ చెరువులోని చెట్ల మీద గూళ్ళు కడతాయి. బోనులో పెట్టినవి కావు, వాటంతట అవే వచ్చేవి. మొదటిసారి చూసినప్పుడు మా ఊరివాళ్ళు ఎదురుపడ్డట్టనిపించింది. అసలు సిసలు సైబీరియా కొంగలు ఒకప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేవి. 2002 తర్వాత అక్కడ ఒక్కటీ కనిపించలేదు.

గుర్గావ్ వదిన:
మా గుర్గావ్ వైపు సుల్తాన్‌పూర్ పక్షుల పార్కు గురించి ఎవరూ రాయలేదేం? మా అనుభవం వినండి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, పులిహోర కలిపి, పిల్లల్ని దుప్పట్లతో సహా కారులో వేసుకుని వెళ్తే గేటు మూసి ఉంది. మంగళవారం సెలవట! మావారు ఇప్పటికీ దెప్పుతారు. రెండోసారి శనివారం వెళ్ళాం. పొగమంచులో పదింటిదాకా ముందున్న నీలగాయే కనపడలేదు, ఇక పక్షులేం కనపడతాయి! జనవరిలో వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే లేచి ప్రాణం తీసుకోకండి.

మంచు విడిచాక మాత్రం గడ్డిలో బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతుల గుంపు. తెల్లటి తల, వెనక రెండు నల్ల పట్టీలు, ఎవరో కాటుక వేలితో గీసినట్టు. మేకల్లా తల వంచుకుని గడ్డి మేస్తున్నాయి. ఇవి హిమాలయాలు దాటి వస్తాయనీ, 7 వేల మీటర్ల పైన కూడా ఎగురుతాయనీ మా పెద్దాడు చెప్తే, "అంత దూరం ఎగిరొచ్చింది గడ్డి కోసమా" అన్నాడు చిన్నోడు.

నోయిడా పక్షిరాజు:
వదినగారూ, ఆ చెరువు పార్కుగా మిగలడానికి 1970 ప్రాంతంలో పాత్రికేయుడు పీటర్ జాక్సన్, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ లాంటివాళ్ళు ఇందిరాగాంధీ దాకా వెళ్ళడం ఒక కారణం. 2021లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా) కూడా చేరింది.

తెలుగోడు గారూ, ఒక్క మాట. సేవ్ వెయ్యకండి. ఉప్పు, నూనె, శనగపిండి ఆ పక్షుల తిండి కాదు. వాటికి చేపలూ పురుగులూ కావాలి.

మయూర్‌విహార్ తెలుగోడు:
అయ్యో, మేం నాలుగు పొట్లాలు వేశాం. ఇప్పుడు గిల్టీగా ఉంది.

టెక్కలి టు ద్వారక:
నేనూ వెయ్యను. కానీ పడవవాళ్ళని తిట్టి లాభం లేదు, ఈ నాలుగు నెలలే వాళ్ళకి గిరాకీ. పొట్లం వద్దని చెప్పి పడవ డబ్బులు పూర్తిగా ఇస్తే సరి. మేం అలాగే చేస్తాం. మొదట వింతగా చూశాడు, తర్వాత అవతలి ఒడ్డు దాకా తిప్పాడు.

ఆర్కేపురం అమ్మమ్మ:
మోకాళ్ళ నొప్పులతో నేను ఎక్కడికీ వెళ్ళలేను నాయనా. నవంబరు నుంచి మా బాల్కనీ గోడ మీదికి ఒక పిట్ట వస్తోంది. పిచ్చుకంత ఉంటుంది, ఒళ్ళంతా మట్టిరంగు, తోక మాత్రం తుప్పు రంగు. కూర్చున్నప్పుడల్లా ఆ తోకని చలిజ్వరం వచ్చినట్టు వణికిస్తుంది. నేను వడియాలు ఎండబెట్టే వేళకి సరిగ్గా వస్తుంది, వాటిని మాత్రం ముట్టదు. ఇదేం పిట్ట?

నోయిడా పక్షిరాజు:
బ్లాక్ రెడ్‌స్టార్ట్ ఆడపక్షి అమ్మమ్మగారూ! ఆ తోక వణుకే గుర్తు. పురుగులే దాని ప్రధాన భోజనం, మీ వడియాలకి భయం లేదు. నేను ఈ ఏడు మూడు పార్కులు తిరిగినా నాకింకా కనపడలేదు.

ఆర్కేపురం అమ్మమ్మ:
అయితే పదకొండింటికి రా నాయనా. కాఫీ కూడా ఉంటుంది.