‘అధికారం’ అధికం నుంచి రాలేదు

మద్దిలపాలెం నుంచి: 2021 మేజర్ పోర్టుల చట్టం తరవాత మన విశాఖపట్నం పోర్టు ట్రస్టు ‘పోర్టు అథారిటీ’ అయింది కదా. ఈ అథారిటీని తెలుగులో ఏమనాలి? ‘అధికం’ నుంచే ‘అధికారం’ పుట్టిందంటారు, నిజమేనా మాస్టారూ?

సీతమ్మధార నుంచి: కాదండీ. ‘అధి’ ఉపసర్గ, ‘కృ’ ధాతువు, దానిమీద ధాతువును నామపదం చేసే ఘఞ్ ప్రత్యయం: అధి-కార. పైన నిలపడం, ఒక పనికి నియమించడం అని మూలార్థం. అధికంతో చుట్టరికం ఆ ‘అధి’ వరకే. బలం, దర్పం ఈ మాట పుట్టుకలో లేవు.

సంస్కృత వ్యాకరణకర్త పాణిని వాడుక చూస్తే తేటపడుతుంది. ‘ప్రత్యయః’ (3.1.1) అధికార సూత్రం. అక్కడ ఒక్కసారి చెప్పిన ఆ ఒక్క మాటను అయిదో అధ్యాయం చివరిదాకా కొనసాగుతున్నట్టే చదువుకోవాలి. వేదకర్మలను విచారించే మీమాంసకులకు అధికారమంటే అర్హత: ఈ యజ్ఞం ఎవరు చెయ్యవచ్చు, ఫలం ఎవరికి? వారి మూలగ్రంథమైన జైమిని సూత్రాల్లో ఆరో అధ్యాయం దీనికే. గీతలోని ‘కర్మణ్యేవాధికారస్తే’ (2.47) కూడా ఈ దారిలోదే. అక్కడ సర్కారు అధికారాన్ని ఊహిస్తే శ్లోకం చెడుతుంది. నాటకశాస్త్రంలో ఫలం దక్కేవాడి కథ ‘ఆధికారికం’, దానికి తోడొచ్చే ఉపకథ ‘ప్రాసంగికం’.

గాజువాక నుంచి: మీ ‘ఆధికారికం’ దగ్గర ఒక మాట. ‘ఇక’ ప్రత్యయం చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే ‘అ’ ‘ఆ’ అవుతుంది: సమాజం–సామాజికం, వ్యవహారం–వ్యావహారికం. ఆ లెక్కన ‘ఆధికారికం’ సరైనది. కానీ తెలుగులో ‘అధికారికం’ పాతుకుపోయింది, ఇక దిద్దనక్కర్లేదని నా అభిప్రాయం. దిద్దాల్సింది ‘సాధికారికత’ను. స + అధికార + త, అంటే ‘సాధికారత’ చాలు. మధ్యలో ‘ఇక’కు పనిలేదు. ‘అధారిటీ’ అని రాసేవారూ ఉన్నారు. అధికారంలోని ‘ధ’ అలవాటుగా అక్కడికీ వచ్చేస్తోంది. పలికేది ‘థ’ కనుక అథారిటీ అనే రాయాలి.

పెందుర్తి నుంచి: సంస్కృతంతోనే ఆపేస్తే ఎలాగండీ? మన ‘పెత్తనం’ ఉంది. పెద్ద + తనం, పెత్తండ్రి, పెత్తల్లి కుదిరినట్టే. పెద్దవాడు కావడంవల్ల వచ్చినది. ఇప్పుడు ఆ మాటకు నింద అంటుకుంది, గౌరవమంతా ‘పెద్దరికం’ దగ్గర మిగిలింది. పెద్దరికం నిలబెట్టుకుంటారు, పెత్తనం చెలాయిస్తారు. ‘ఏలుబడి’ రాజ్యానికి సరిపోతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘పలుకుబడి’: కుర్చీ లేకపోయినా మాట చెల్లడం. నుడికారానికీ అదే పేరు. అధికారం ఉండి పలుకుబడి లేనివారిని, పలుకుబడి ఉండి అధికారం లేనివారిని వేరువేరుగా చెప్పగల భాష మనది.

సీతమ్మధార నుంచి: బాగా చెప్పారు. ఇక మొదటి ప్రశ్న. అథారిటీ ఒకరి చేతిలోని శక్తి అయితే ‘అధికారం’. ఎంతవరకు చెల్లుతుందన్నది ‘అధికార పరిధి’. సంస్థ పేరైతే ‘అధికార సంస్థ’. ‘జిల్లా న్యాయ సేవాధికార సంస్థ’ ఇప్పటికే వాడుకలో ఉంది, అదే అచ్చులో ‘విశాఖపట్నం ఓడరేవు అధికార సంస్థ’ అనవచ్చు. ‘సంస్థ’ వదిలేస్తే ‘ఓడరేవు అధికారం’ మిగులుతుంది, రేవు ఎవరి చేతిలో ఉందన్న అర్థం వస్తుంది. ‘అధికార’ వదిలేసినా నష్టమే: ఒకప్పటి వుడాను (విశాఖపట్నం అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) ‘పట్టణాభివృద్ధి సంస్థ’ అన్నప్పుడు అథారిటీ మాట రాలిపోయింది.

‘వ్యాకరణంలో ఆయన అథారిటీ’ అన్నచోట మాత్రం అధికారం పనికిరాదు. అక్కడ తెలుగువాడు ‘ఆయన మాట ప్రమాణం’ అంటాడు.