రెలిగేషన్ (అట్టడుగు జట్టు కింది డివిజన్‌కి దిగడం) ఉండి ఉంటే హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ క్లబ్ మిగిలేదా, ఇంకా ముందే పోయేదా?

గచ్చిబౌలి ఈస్ట్ స్టాండ్:
2022 మార్చి 20, గోవా ఫటోర్డా స్టేడియం, దేశంలో ఫుట్‌బాల్ పై లీగ్ అయిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో. ఎటు చూసినా కేరళ అభిమానులే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఛాంపియన్. ఆ క్లబ్ ఇప్పుడు మన ఊళ్లో లేదు. 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఆటలో ఓడి పోగొట్టుకుని ఉంటే బాధపడి ఊరుకునేవాణ్ని. 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచాం, అట్టడుగున నిలిచాం. ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో అయితే ఆ జట్టు కింది డివిజన్‌కి పోతుంది. మనది పోలేదు, ఎందుకంటే ఐఎస్‌ఎల్‌లో అప్పుడు రెలిగేషన్ లేదు. ఆ తర్వాత ఏడాదికే కాగితాల మీద సంతకాలతో ఊరు మారిపోయింది. అదే 2023-24లో మన నగరంలోనే ఆడే శ్రీనిధి డెక్కన్, ఐఎస్‌ఎల్ కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో ఉంది. అంతకుముందు ఏడాది కూడా రెండో స్థానమే. కానీ పైకి వెళ్లేది ఛాంపియన్ ఒక్కటే. 2023లో పంజాబ్ వెళ్లింది, 2024లో మొహమ్మడన్ వెళ్లింది.

పైనుంచి ఎవరూ దిగకపోతే కింద ఉన్నవాళ్లకి ఖాళీ ఎక్కడిది? మూసి ఉన్న లీగ్‌లో చోటు అంటే ఆస్తి. ఆస్తిని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. గెలిస్తే ఎక్కి, ఓడితే దిగే నిచ్చెన ఉంటే క్లబ్ ఊరు మారదు. మీరేమంటారు?

కూకట్‌పల్లి ఫుల్‌బ్యాక్:
అన్నా, మీ బాధ నాకూ ఉంది. నేనూ అదే గ్యాలరీలో కూర్చున్నవాణ్ని. కానీ జబ్బు ఒకటైతే మీరు మందు ఇంకోదానికి వేస్తున్నారు. మన క్లబ్‌ని ముంచింది డబ్బు. బకాయిల కేసులు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం (కొత్త ఆటగాళ్లని తీసుకోకూడదు), ఒక్కొక్కరుగా వెళ్లిపోయిన ఆటగాళ్లు. అలాంటి స్థితిలో ఐ-లీగ్‌కి దింపి ఉంటే స్పాన్సర్ దొరికేవాడా? అప్పుడు ఢిల్లీకి పోవడం కాదు, అసలు ఉనికే ఉండేది కాదేమో.

డబ్బు లేని ఫుట్‌బాల్‌కి రెలిగేషన్ టెన్షన్ కూడా తోడైతే ఏమవుతుందో మెక్సికో చూసింది. 2020లో వాళ్లు ప్రమోషన్, రెలిగేషన్ రెండూ ఆపేశారు, రెండో డివిజన్ క్లబ్‌లు ఆర్థికంగా నిలబడలేకపోతున్నాయని. ఇంకో మాట, నిచ్చెన ఉంటే ఊరు మారరు అన్నారు కదా. ఇంగ్లండ్‌లో నిచ్చెన ఉండగానే లండన్ క్లబ్ వింబుల్డన్ 2003లో వేరే ఊరు మిల్టన్ కీన్స్‌కి వెళ్లిపోయింది. మీరు చెప్పిన శ్రీనిధి కూడా కింది నుంచి ఎక్కి రాలేదు. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ బిడ్లు పిలిస్తే నేరుగా ఐ-లీగ్‌లోకి వచ్చింది.

కొలంబస్ నుంచి ఒక తెలుగువాడు:
నేనుండేది ఒహాయోలో. ఇక్కడి పై ఫుట్‌బాల్ (సాకర్) లీగ్ ఎమ్ఎల్ఎస్ పూర్తిగా మూసిన లీగ్. 1996లో 10 జట్లతో మొదలైంది, ఇప్పుడు 30. కింది నుంచి గెలిచి వచ్చే దారి లేదు, చేరాలంటే డబ్బు కట్టాల్సిందే. 2025లో వచ్చిన శాన్ డియేగో 50 కోట్ల డాలర్లు కట్టింది.

2017లో కొలంబస్ క్రూ యజమాని జట్టుని ఆస్టిన్‌కి తీసుకుపోతానన్నాడు. అభిమానులు రోడ్డెక్కారు, అది అందరికీ తెలుసు. కానీ వాళ్ల చేతిలో ఒక ఆయుధం ఉంది. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఊరు వదిలి వెళ్లిపోయాక ఒహాయో ఒక చట్టం చేసింది. ప్రజల పన్నులతో నడిచే సదుపాయాన్ని వాడుకుంటున్న జట్టు ఊరు మారాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి, ఈలోపు స్థానికులకి కొనే అవకాశం ఇవ్వాలి. రాష్ట్రం, నగరం కలిసి దాని కింద కోర్టుకి వెళ్లాయి. కొత్త యజమానులు దొరికారు, క్రూ ఊళ్లోనే ఉంది. 2020లో, 2023లో కప్పు గెలిచింది.

గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిదే కదా. అలాంటి చట్టం తెలంగాణలో ఎందుకు ఉండకూడదు? లీగ్ తెరిచి ఉందా, మూసి ఉందా అన్నదానికంటే నాకిదే ముఖ్యం అనిపిస్తోంది.

గచ్చిబౌలి ఈస్ట్ స్టాండ్:
కొలంబస్ అన్నా, ఆ చట్టం సంగతి నాకు తెలియదు. చాలా మంచి మాట చెప్పారు. ఐఎస్‌ఎల్ ఎలా నడిచినా సరే, అది కావాలి.

ఫుల్‌బ్యాక్ తమ్ముడూ, శ్రీనిధి గురించి నువ్వన్నది నిజమే. వింబుల్డన్ ఊరు మారిన మాటా నిజమే, నిచ్చెన ఉంటే చాలు అన్నట్టు రాయడం నా పొరపాటు. కానీ వింబుల్డన్ కథ అక్కడ ఆపేశావు. తరలింపుకి అనుమతి వచ్చిన 2002లోనే అభిమానులు సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. పార్కులో ట్రయల్స్ పెట్టి ఆటగాళ్లని ఎంచుకున్నారు. తొమ్మిదో స్థాయిలో మొదలై 2011కల్లా నాలుగో స్థాయికి, అంటే ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో పాత మైదానం పక్కనే ప్లౌ లేన్‌లో సొంత స్టేడియం తెరిచారు. నేను నిచ్చెన అడిగేది ఇందుకే. క్లబ్ పోయిన ఊరికి మళ్లీ మొదలుపెట్టే చోటు కావాలి. అమెరికాలో అయితే అదే అభిమానులు ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా పై లీగ్ గడప తొక్కలేరు.

ఇక్కడ మన ఊరి గురించి ఒక్క మాట. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచ్‌గా ఉండగా హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన చేతిలో పెరిగిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది. అప్పుడు ఈ నగరం ఎవరికీ ఫీజు కట్టి ఫుట్‌బాల్‌లోకి రాలేదు.

కూకట్‌పల్లి ఫుల్‌బ్యాక్:
రహీం సాబ్ పేరెత్తితే నేనేం అనగలను. కానీ అడగాల్సింది అడుగుతాను. దిగిపోయిన జట్టుకి జీతాలు ఎవరిస్తారు? ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ నుంచి దిగినవాళ్లకి పారాచూట్ చెల్లింపులు (దిగాక కొన్నేళ్లు లీగ్ ఇచ్చే డబ్బు) ఉన్నాయి. అయినా కింది స్థాయుల్లో ఖర్చు ఓర్చుకోలేనివి కూలిపోతూనే ఉన్నాయి. 2019లో బరీ అనే శతాబ్దానికి పైబడిన క్లబ్‌ని డబ్బు సమస్యలతోనే లీగ్ నుంచి తీసేశారు. మన ఐ-లీగ్‌లో టీవీ డబ్బు ఎంత ఉందని?

గచ్చిబౌలి ఈస్ట్ స్టాండ్:
సరైన ప్రశ్నే. జపాన్ దీనికి సమయం తీసుకుంది. జె-లీగ్ 1993లో 10 జట్లతో మొదలైంది, కిందికి దించడం లేదు. లీగ్‌లో చేరడానికి నియమాలు పెట్టారు, క్లబ్ పేరులో ఊరి పేరుండాలన్నారు, 1999లో రెండో డివిజన్ పెట్టి రెండు వైపులా తలుపు తెరిచారు. అంటే ఆరేళ్లు. ఐఎస్‌ఎల్ 2014లో మొదలైంది. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) దగ్గర ఒప్పుకున్న రోడ్‌మ్యాప్‌లో 2024-25 నుంచి రెలిగేషన్ అని రాసుంది. ఆ సీజన్‌లో మొహమ్మడన్ చివరి స్థానంలో నిలిచింది, దిగలేదు.

కింద ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3 ఇప్పటికే ఉన్నాయి, వాటి మధ్య ఎక్కడం దిగడం జరుగుతూనే ఉంది. 2024-25 దాకా చూస్తే, ఐఎస్‌ఎల్ నుంచి కిందికి దిగే మెట్టు ఒక్కటే తెగి ఉంది. దిగిన జట్టుకి మొదటి రెండేళ్లు ఐఎస్‌ఎల్ ఆదాయంలో వాటా ఇవ్వాలని రాసుకుంటే నీ భయం సగం తీరదా? మిగతా సగానికి నీ దగ్గర ఏదైనా ఉపాయం ఉంటే రాయి, చదువుతాను.