ప్రీ-ఆర్డర్ బటన్ పెట్టాక కూడా ట్రైలర్‌లో కలలు చూపించవచ్చా?

సేవ్‌పాయింట్

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఎంతైనా వాదించండి. గేమ్ తయారవుతున్నంత కాలం ఎంత గొప్ప ట్రైలర్ వదిలినా నాకు అభ్యంతరం లేదు. కానీ డబ్బు కట్టించుకోవడం మొదలైన రోజు నుంచి ట్రైలర్‌లో కనిపించేది అమ్ముతున్న గేమే అయ్యుండాలి. అదీ కొనేవాడి దగ్గరున్న మెషీన్ మీద నడిచే గేమ్. అలా కాకపోతే దాన్ని మోసమనే అంటాను.

ఈ మధ్య ఫోన్‌లో ఒక ప్రకటన చూశాను. ఇరుకు గదిలో ఒక రాజు. తల మీద మరుగుతున్న లావా, పక్క అరలో నీళ్ళు, రెంటికీ అడ్డంగా రెండు పిన్నులు. ఆడేవాడు తప్పు పిన్ను లాగుతాడు, రాజు మాడిపోతాడు. 'ముందు నీళ్ళ పిన్ను తియ్యాలి కదా!' అని చెయ్యి ఊరుకోలేదు, డౌన్‌లోడ్ చేశాను. తెరిస్తే రంగు బిళ్ళలు. ఒకే రంగువి మూడు వరసలో పేర్చాలి. పిన్నులు ముందు ముందు వస్తాయేమోనని ఇరవై లెవెళ్ళు ఆడాను. రాలేదు. ఆ గేమ్ పేరు ఇక్కడ అనవసరం, ఈ పద్ధతి చాలామంది వాడుతున్నదే.

ఇలాంటి ప్రకటనల మీద ఒక తీర్పు కూడా ఉంది. 2020 సెప్టెంబరులో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ ఏఎస్‌ఏ, హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ గేముల ప్రకటనలను తప్పుదారి పట్టించేవని తేల్చింది. ప్రకటనల్లో చూపించిన ఆ పజిల్స్ తమ గేముల్లో ఉన్నాయన్నది తయారుచేసిన ప్లేరిక్స్ వాదన. ఉన్నాయి, కానీ అరుదుగా. గేములో ఎక్కువ భాగం వేరే ఆట అయినప్పుడు అరుదైనదాన్ని అసలు ఆటలా చూపించకూడదని ఏఎస్‌ఏ చెప్పింది. కింద చిన్న అక్షరాల్లో 'అన్ని దృశ్యాలూ అసలు ఆటలోవి కావు' అని వేసినా సరిపోదంది. నాకు ఆ చివరి మాటే ముఖ్యం.

కోడ్‌పనివాడు

సేవ్‌పాయింట్ గారూ, ఫోన్ ప్రకటనల విషయంలో మీతో వాదన లేదు. అవి గేమ్ తయారుచేసేవాళ్ళు పొరపాటున చేసేవి కావు, కూర్చుని లెక్కలేసి చేసేవి. కానీ పెద్ద గేముల ట్రైలర్లను కూడా అదే గాటన కట్టకండి.

నేను గేములు తయారుచేసే చోట పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. మా భాషలో దాన్ని వర్టికల్ స్లైస్ అంటారు. మొత్తం గేమ్ ఇంకా మట్టిముద్దలా ఉన్నప్పుడే అందులో ఒక పది నిమిషాల ముక్కను పూర్తయిన గేమ్‌లా చెక్కుతాం. పెట్టుబడి పెట్టేవాళ్ళకు చూపించాలి, ప్రదర్శనకు ఇవ్వాలి. ఒకసారి ఒక వరండా కట్టాం. దీపాలు, గోడ మీద తడి, అడుగు వేస్తే నీళ్ళలో అల. అన్నీ చేత్తో పేర్చినవే. ఆ వరండా చివర ఒక తలుపు ఉండేది. డెమో ఆడేవాడికి ముందే చెప్పాం, అటు పోవద్దని. ఆ తలుపు వెనక ఏమీ లేదు, కెమెరా అటు తిరిగితే నల్లటి శూన్యం. అబద్ధం చెబుతున్నామని మాలో ఎవరికీ అనిపించలేదు. మిగతా గేమ్ కూడా ఇలాగే వస్తుందని నిజంగానే నమ్మాం. తర్వాత అదే వరండాను నగరమంతటికీ విస్తరిస్తే కన్సోల్ మెమరీ చాల్లేదు. అల పోయింది, తడి పోయింది, సగం దీపాలు పోయాయి.

దీన్నే బయట డౌన్‌గ్రేడ్ అంటారు. మాకైతే అది గేమ్ నడవడానికి ఇచ్చుకున్న మూల్యం.

రాత్రిలెవెల్

అన్నా, మీరు నిజాయితీగానే చేసి ఉంటారు. వాచ్ డాగ్స్ సంగతేంటి మరి? 2012లో ఈ3 అనే గేముల ప్రదర్శనలో చూపించిన వాన, వెలుగు 2014 మేలో గేమ్ వచ్చేసరికి లేవు. సరే, మెషీన్ తట్టుకోలేదేమో అనుకున్నాం. కొద్ది వారాలకే ఒక మాడర్, అంటే గేమ్ ఫైళ్ళను సొంతంగా మార్చుకునే ఆటగాడు, పీసీ ఫైళ్ళలో తవ్వితే ఆ ఎఫెక్ట్‌లలో చాలావరకు అక్కడే ఉన్నాయి, ఆపేసి. అప్పటినుంచి 'కుదరలేదు' అన్న మాట వింటే నాకు వెంటనే నమ్మకం కలగదు.

కోడ్‌పనివాడు

ఫైళ్ళలో ఉండటం వేరు, అందరి మెషీన్లలో తడబడకుండా నడవడం వేరు తమ్ముడూ. విచర్ 3 కూడా 2013లో చూపించిన దానికంటే తగ్గే వచ్చింది. తగ్గించామని తయారుచేసినవాళ్ళే ఒప్పుకున్నారు. ఆ గేమ్‌ను ఎవరైనా మోసం అంటున్నారా? గేమ్ బాగుంది, జనం క్షమించారు.

సేవ్‌పాయింట్

గేమ్ బాగుంటే క్షమిస్తాం. కానీ కొనేటప్పుడు గేమ్ బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది? అప్పుడు నా చేతిలో ఉన్నది ట్రైలర్ ఒక్కటే.

మీ వరండా కథ చదివాక ఒక మెట్టు దిగుతున్నాను. మీరు చేసింది మోసం కాదు. నమ్మి చూపించారు. కానీ మెమరీ చాలదని తేలిన రోజు ఒకటి ఉంటుంది కదా? ఆ రోజు తర్వాత కూడా పాత వీడియో అమ్మకపు పేజీలో అలాగే ఉంటే, అప్పటినుంచి అది తెలిసి చెబుతున్న అబద్ధం. ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్ విషయంలో జరిగిన గొడవ ఇదే. డెమోలో కనిపించిన వెలుగునీడలు 2013 ఫిబ్రవరిలో వచ్చిన గేములో లేవు. ఏఎస్‌ఏకి ఫిర్యాదు వెళ్ళాక, ట్రైలర్లు తుది గేమ్‌కు సరిగ్గా అద్దం పట్టవని రాసి పెట్టడానికి ఆ గేమ్‌ను విడుదల చేసిన సెగా ఒప్పుకుంది. ఎప్పుడు? ఏప్రిల్‌లో. కొనేవాళ్ళు కొనేశాక.

నేను 'కొనేవాడి మెషీన్' అని అంత పట్టుగా అనడానికి కారణం సైబర్‌పంక్ 2077. 2018లో చూపించిన నలభై ఎనిమిది నిమిషాల డెమో మీద తుది రూపం కాదనే రాశారు. ఆ మాటకు నేను తప్పుపట్టను. కానీ 2020 డిసెంబరు 10న విడుదలయ్యే నాటికి ప్రీ-ఆర్డర్లు 80 లక్షలు. ముందుగా సమీక్షకులకు ఇచ్చినవి పీసీ కాపీలు. మామూలు పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ మీద గేమ్ ఎలా ఉందో కొన్నవాళ్ళు టీవీ ముందు కూర్చున్నాకే చూశారు. మొహాలు మసక, రోడ్లు ఖాళీ, మధ్యలో ఆగిపోవడం. వారం తిరిగేసరికి పీఎస్4 తయారుచేసే సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసింది. ఆ కన్సోళ్ళ మీద ముందే చూపించనందుకు, దానివల్ల కొనేవాళ్ళు తెలిసి నిర్ణయం తీసుకునే వీలు లేకుండా పోయినందుకు గేమ్ తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ క్షమాపణ చెప్పింది. నేను అడుగుతున్నదాన్నే వాళ్ళే ఒప్పుకున్నట్టు కదా.

కథప్రియ

నాది ఇంకో వైపు. ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 ఆడనివాళ్ళు ఈ పేరా దాటేయండి. 2019 ట్రైలర్‌లో హీరోయిన్ ఎల్లీ వెనక నుంచి వచ్చి నోరు మూసేది, ఆమెకు తండ్రిలాంటి జోయెల్. గేములో ఆ చోట ఉన్నది ఆమె స్నేహితుడు జెస్సీ. కావాలనే మనిషిని మార్చి చూపించారు. ఎందుకంటే జోయెల్‌కి మొదట్లోనే ఏమవుతుందో మనకు ముందే తెలియకూడదని. గేమ్ మొదలుపెట్టిన రెండు గంటలకు నా చేతిలో కంట్రోలర్ వణికింది. ఆ ట్రైలర్ నిజం చెప్పి ఉంటే ఆ క్షణం నాకు దక్కేది కాదు. సేవ్‌పాయింట్ గారి నియమం ప్రకారం ఇదీ మోసమేనా?

సేవ్‌పాయింట్

మంచి ప్రశ్న. ఒక రోజంతా ఆలోచించాను. కాదు. కొన్నవాడికి అదే ఆట దక్కింది. అదే చాటుమాటు పోరు, అదే కదలిక, అదే నాణ్యత. దాచింది కథలో మలుపు. నేను అడుగుతున్నది ఆట ఏమిటి, అది ఎలా నడుస్తుంది అన్న రెండిటి గురించే. కథ దాచుకోండి, నాకు సంతోషం.

నాకు ఇబ్బంది అనిపించేది 2011 నాటి డెడ్ ఐలాండ్ ట్రైలర్ లాంటిది. సెలవులకు వచ్చిన కుటుంబం, కిటికీలోంచి పడిపోతున్న పాప, అంతా వెనక్కి నడుస్తుంది. అది చూసి గొంతులో ముద్ద దిగలేదు. గేమ్ చేతికొస్తే తెడ్డుతో జాంబీల తలలు పగలగొట్టడం. ఆ ట్రైలర్‌లో ఆట అనేదే లేదు, అంతా యానిమేషన్. ఆ యానిమేటర్ల పని ఎంత గొప్పదో నాకు తెలుసు. కానీ ఆ బాధను చూసి కొన్నవాడికి ఆ బాధ గేములో దొరకలేదు.

రెండోప్రయత్నం

ఇంత రాద్ధాంతం ఎందుకండీ, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు కదా? పీసీ గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లో 2015 నుంచి రెండు వారాల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు తిరిగి ఇస్తున్నారు.

రాత్రిలెవెల్

ఆ రెండు గంటలే అందరూ బాగా చెక్కేది. గ్రహం నుంచి గ్రహానికి తిరిగే నో మ్యాన్స్ స్కై గేమ్ 2016 ఆగస్టులో వచ్చినప్పుడు మొదటి గ్రహం మీద నాకు ఏ లోటూ కనిపించలేదు. పదో గ్రహానికి తెలిసింది. మొదటి రోజే ఇద్దరు ఆటగాళ్ళు ఒకే చోటికి చేరుకుని ఒకరికొకరు కనిపించలేదన్న వార్త గుర్తుందా? ఏఎస్‌ఏ మాత్రం ఆ గేమ్ స్టీమ్ పేజీలో తప్పుదారి పట్టించేది లేదని 2016 నవంబరులో తేల్చింది. పేజీ వరకు చూస్తే సరే. మేం నమ్మింది పేజీని కాదు, తయారుచేసినవాళ్ళు ఇస్తే ఏళ్ళ తరబడి విన్న ఇంటర్వ్యూలను. 2018లో కలిసి ఆడే వీలు వచ్చింది, ఇప్పుడు ఆ గేమంటే నాకూ ఇష్టమే. కానీ నేను డబ్బు పెట్టింది 2016లో.

కోడ్‌పనివాడు

సరే, సేవ్‌పాయింట్ గారూ. ఆచరణలో ఎలా ఉండాలో చెప్పండి. 'తుది రూపం కాదు' అన్న మాట అందరూ వేస్తున్నారు, దానికి అర్థం లేకుండా పోయింది, ఒప్పుకుంటాను. నేనైతే ఇలా రాయిస్తాను: 'ఈ నెల బిల్డ్ (ఇప్పటిదాకా తయారైన గేమ్) నుంచి, మామూలు కన్సోల్ మీద, మనిషి ఆడుతుండగా రికార్డు చేసినది.' మూడు సంగతులు, ఒకే వరస. ఇందులో ఏది అబద్ధమైనా పట్టుకోవడం తేలిక.

సేవ్‌పాయింట్

ఇది నాకు పూర్తిగా సమ్మతం. రెండు చేర్పులు. ఆ వరస మొదట్లో ఒక్క సెకను మెరిసి మాయం కాకూడదు, వీడియో నడిచినంతసేపూ ఉండాలి. బిల్డ్ మారి ఏదైనా తీసేస్తే పాత వీడియో అమ్మకపు పేజీ నుంచి దిగిపోవాలి. ఆ రెండోదానికి మీ మార్కెటింగ్ వాళ్ళు ఒప్పుకుంటారంటారా?

కోడ్‌పనివాడు

మొదటిదానికి ఒప్పుకుంటారు. రెండోదానికి పోట్లాడాల్సి వస్తుంది. ఆ వరండా వీడియో తీసేయమని అప్పట్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు.