సీసం కలిపితే మినియేచర్ పొటెన్షియల్స్ ఎందుకు పెరుగుతున్నాయి?

కప్ప నరం, కండరం ప్రిపరేషన్‌లో 10 మైక్రోమోలార్ సీసం నైట్రేట్ కలిపాను. నరాన్ని ప్రేరేపిస్తే కండరంలో వచ్చే విద్యుత్ స్పందన, అంటే ఎండ్‌ప్లేట్ పొటెన్షియల్, బాగా పడిపోయింది. అది సరే, సీసం కాల్షియం ఛానళ్లకు అడ్డుపడి, నరం నుంచి కండరానికి సంకేతం మోసే అసిటైల్‌కోలిన్ విడుదలను తగ్గిస్తుంది కదా. కాల్షియం పెంచగానే చాలావరకు కోలుకుంది కూడా.

చిక్కల్లా మినియేచర్ పొటెన్షియల్స్‌తోనే. ప్రేరణ లేకుండా వచ్చే ఆ చిన్న విద్యుత్ బుడిపెలు తగ్గాల్సింది పోయి, అరగంటలో స్క్రీన్ నిండా ముసురుకుంటున్నాయి. ఎత్తు మాత్రం మారలేదు, కాబట్టి కండరం వైపు తేడా కాదనుకుంటున్నాను. ఫాస్ఫేట్ ఉంటే సీసం అవక్షేపంగా దిగిపోతుందని, అది లేని హెపెస్ బఫర్ వాడాను. ఎలక్ట్రోడ్ మార్చాను, సీసం లేని ద్రావణంతో కడిగాను. అయినా అదే జోరు.

సీసం నరం చివరలోకి దూరి తానే కాల్షియంలా పనిచేస్తోందా, లేక మైటోకాండ్రియాలోని కాల్షియాన్ని బయటికి నెడుతోందా, ఈ రెండింటిలో ఏదో తేల్చాలంటే ఏ ప్రయోగం చేయాలి?