దూరపు బ్యాకప్: ప్రధాన సర్వర్ పంపాలా, అవతలి సర్వర్ వచ్చి తీసుకోవాలా?

నీటిగడియారం:
మా ప్రధాన సర్వర్‌లో ఉన్న సుమారు 10 టెరాబైట్ల డేటాను విపత్తు వేళ తిరిగి పొందేందుకు వీలుగా, దూరంగా ఉన్న మరో సర్వర్‌కు ప్రతి గంటా జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల్లో ఫైళ్లను నిర్వహించే వ్యవస్థ) స్నాప్‌షాట్ల, అంటే ఆయా క్షణాల డేటా ప్రతుల, రూపంలో చేరవేయాలని నిర్ణయించాం. దూరం అవసరమన్న విషయంలో మాలో భేదం లేదు; 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో సర్వర్లను అద్దెకిచ్చే ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా అక్కడే ఉంచుకున్న కొందరు రెండింటినీ పోగొట్టుకున్నారు. తగవంతా దిశ గురించే. ప్రధాన సర్వరే అవతల లాగిన్ అయి కాపీని పంపాలని కొందరు, దూరపు సర్వరే వచ్చి తీసుకోవాలని మరికొందరు పట్టుబడుతున్నారు. మీ అభిప్రాయాలను కారణాలతో సహా తెలియజేయగలరు.

ఉత్తరద్వారం:
దూరపు సర్వరే వచ్చి తీసుకోవాలి. ప్రధాన సర్వర్ పంపే పద్ధతిలో, దూరపు సర్వర్‌లోకి ప్రవేశించే కీ ప్రధాన సర్వర్‌లోనే ఉంటుంది. బ్యాకప్ మిగిలి ఉంటే బాధితులు డబ్బు చెల్లించరని డేటాకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ ముఠాలకు బాగా తెలుసు కనుక, లోపలికి వచ్చినవాళ్లు ముందుగా వెతికేది అలాంటి కీల కోసమే. దురుద్దేశం లేని చోటా ప్రమాదం ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో సెండ్ కమాండ్‌కు పెద్ద ఆర్ ఆప్షన్‌ను, రిసీవ్ కమాండ్‌కు పెద్ద ఎఫ్ ఆప్షన్‌ను కలిపి వాడితే, పంపేవైపు లేని స్నాప్‌షాట్లు అందుకునేవైపు కూడా తొలగిపోతాయి. ఇక్కడ ఎవరో పొరపాటున చెరిపినది గంట తిరిగేసరికి అక్కడా ఉండదు. అలాంటిదాన్ని బ్యాకప్ అనడానికి నాకు మనసొప్పదు.

రాతిమెట్టు:
ఉత్తరద్వారం గారి భయం న్యాయమైనదే గాని, వారు చెప్పిన ఉపాయం ప్రమాదాన్ని తొలగించడం లేదు, ఇల్లు మారుస్తోంది. దూరపు సర్వర్ వచ్చి తీసుకోవాలంటే, అది కాపాడే ప్రతి యంత్రాన్నీ చదవగల అధికారం దానికి ఉండాలి. ఎవరూ రోజూ చూడని, అప్‌డేట్లు ఆలస్యంగా పడే ఆ ఒక్క యంత్రం పరుల చేతికి చిక్కితే సంస్థ సమాచారమంతా బయటపడుతుంది. అందువల్ల పంపే పద్ధతినే ఉంచి, తొలగించే అధికారాన్ని మాత్రం తీసేయడం మేలని నా అభిప్రాయం. అమెజాన్ క్లౌడ్ నిల్వ అయిన ఎస్3లో, చెరపకుండా అడ్డుకునే ఆబ్జెక్ట్ లాక్‌ను కంప్లయన్స్ మోడ్‌లో పెడితే గడువు ముగిసేదాకా ఖాతాపై పూర్తి అధికారం ఉన్న రూట్ యూజర్ కూడా ఆ వెర్షన్‌ను చెరపలేరు. గవర్నెన్స్ మోడ్‌లో ప్రత్యేక అనుమతి ఉన్నవారు చెరపగలరు కాబట్టి, ఈ రెండింటినీ ఒకటిగా భావించకూడదు.

కంచుగంట:
దిశ గురించి ఇంత వాదన జరుగుతోంది గాని, ఆగిపోయిన బ్యాకప్‌ను ఎవరు గమనిస్తారని ఎవరూ అడగలేదు. 2017 జనవరి 31న ప్రోగ్రాం కోడ్‌ను నిల్వ చేసే గిట్‌ల్యాబ్ సంస్థలో ప్రధాన డేటాబేస్ డైరెక్టరీ పొరపాటున చెరిగిపోయాక గాని అసలు సంగతి బయటపడలేదు: పోస్ట్‌గ్రెస్ 9.6 డేటాబేస్‌పై 9.2 వెర్షన్ డంప్ (డేటాబేస్ ప్రతి తీసే) ప్రోగ్రాం నడవడంతో బ్యాకప్‌లు విఫలమవుతూ వచ్చాయి, ఆ విషయం చెప్పవలసిన ఈమెయిళ్లు పంపినవారు అసలువారేనా అని చూసే డీమార్క్ తనిఖీలో తిరస్కరణకు గురయ్యాయి. దాదాపు 6 గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. చివరి స్నాప్‌షాట్ ఎంత పాతదో దూరపు సర్వరే లెక్కించి హెచ్చరించే ఏర్పాటు ఉండాలి. ఇది ఏ దిశలోనైనా సాధ్యమే, చేసేవారే అరుదు.

ఉత్తరద్వారం:
రాతిమెట్టు గారి అభ్యంతరానికి ఎన్‌క్రిప్షన్‌లో, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి డేటాను మార్చడంలో, సమాధానం ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాసెట్‌ను విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే రా సెండ్ పద్ధతిలో తీసుకుంటే దూరపు సర్వర్‌కు డీక్రిప్షన్ కీ ఇవ్వనవసరం లేదు. దూరపు సర్వర్ లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీని ఆ ఒక్క కమాండ్‌కే పరిమితం చేయవచ్చు. ఇక, తొలగింపును అడ్డుకుంటామని చెప్పే ఏర్పాట్లన్నీ ఒక్క స్థాయివి కావు. బోర్గ్ అనే బ్యాకప్ ప్రోగ్రాంలో, కొత్తవి చేర్చడానికే అనుమతించే అపెండ్-ఓన్లీ రిపాజిటరీలో కూడా చొరబాటుదారుడు ఆర్కైవ్‌లు తొలగించినట్టు నమోదు చేయగలడు. డేటా అప్పటికి డిస్క్‌లోనే ఉన్నా, నిర్వాహకుడు ఆ సంగతి గమనించకుండా పూర్తి అధికారంతో స్థలాన్ని ఖాళీ చేయించిన రోజున అది శాశ్వతంగా పోతుంది.

రాతిమెట్టు:
రా సెండ్ విషయం అంగీకరిస్తున్నాను. అయితే డీక్రిప్షన్ కీ ప్రధాన సర్వర్‌లోనే ఉండి దానితోపాటు కాలిపోతే, దూరాన భద్రంగా ఉన్న 10 టెరాబైట్లు ఎందుకూ కొరగావు. కీ ప్రతిని మూడో చోట ఉంచవలసిందే.

కంచుగంట:
నీటిగడియారం గారూ, మీ లింకు వేగం ఎంత?

నీటిగడియారం:
సెకనుకు 100 మెగాబిట్లు. మొదటి పూర్తి కాపీని డిస్కుల్లో పంపుతాం. గంటగంటకూ వచ్చే మార్పులకు ఈ వేగం సరిపోతుంది.

కంచుగంట:
పంపడానికి సరిపోతుంది. కాని 10 టెరాబైట్లు ఆ లింకు మీదుగా వెనక్కి రావాలంటే, అది పూర్తి వేగంతో నడిచినా 9 రోజులు దాటుతుంది. అంతకాలం ఆగగలరా?

నీటిగడియారం:
ఆగలేము. ఒక్క రోజు దాటినా పని స్తంభిస్తుంది. అంటే దూరపు సర్వరే సేవలను నడపవలసి వస్తుంది, అప్పుడు డీక్రిప్షన్ కీ దానికి ఇవ్వక తప్పదు కదా? ఉత్తరద్వారం గారు చెప్పిన రక్షణ అక్కడితో పోయినట్టేనా?

ఉత్తరద్వారం:
విపత్తు ప్రకటించిన క్షణం నుంచి పోతుంది, అంతకుముందు పోదు. కీని దూరపు సర్వర్‌లో నిల్వ ఉంచకుండా, అవసరమైన రోజున బాధ్యులైన ఇద్దరిలో ఎవరో ఒకరు మూడో చోటు నుంచి తెచ్చి చేత్తో ఇవ్వాలి. సేవలు తానుగా మొదలయ్యే సౌకర్యం దీనివల్ల ఉండదు. ఒక్క రోజు గడువు ఉన్న మీకు ఆ ఆలస్యం భరించదగినదే అనుకుంటాను. నిమిషాల గడువు ఉన్నవారికి ఈ సలహా ఇవ్వను.