గవర్నర్ వేసే వర్క్‌ఫోర్స్ బోర్డులో సీటు: అక్కడ అసలు తేలేదేమిటి?

లేత్‌మెషిన్:
అరవై మంది పనిచేసే యంత్రభాగాల కంపెనీ మాది, అమెరికాలోనే. ఉపాధి, శిక్షణ కార్యక్రమాల మీద గవర్నరుకి సలహా ఇచ్చే రాష్ట్ర వర్క్‌ఫోర్స్ డెవలప్‌మెంట్ బోర్డులో వ్యాపార సీటుకి నా పేరు పంపుతామని మా పరిశ్రమ సంఘం వాళ్లంటున్నారు. వెబ్‌సైట్ చూస్తే సలహా, సమన్వయం, దార్శనికత తప్ప ఇంకేం కనపడలేదు. అక్కడ నిజంగా ఏం తేలుస్తారు? డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? మేం లోకల్ బోర్డు (మా ప్రాంతానికి ఉండే ఇలాంటి బోర్డు) ద్వారా ఆన్ ద జాబ్ ట్రైనింగ్ (ఓజేటీ) కాంట్రాక్టు, అంటే పనిలోనే శిక్షణ ఇస్తే జీతంలో కొంత మాకు తిరిగిచ్చేది, తీసుకుంటున్నాం, అదేమైనా అడ్డమా?

బైలాస్ బాబాయ్:
ముందు మీ రాష్ట్రంలో బోర్డు ఏదో, ఏజెన్సీ ఏదో తేల్చుకోండి. టెక్సస్‌లో వర్క్‌ఫోర్స్ ఇన్వెస్ట్‌మెంట్ కౌన్సిల్ అనేది బోర్డు. వర్క్‌ఫోర్స్ కమిషన్ అనేది కార్యక్రమాలు నడిపే ఏజెన్సీ. న్యూజెర్సీలో బోర్డు పేరు స్టేట్ ఎంప్లాయ్‌మెంట్ అండ్ ట్రైనింగ్ కమిషన్. పేరు చూసి పోల్చుకుందామంటే కుదరదు.

పేరేదైనా ఆధారం 2014 నాటి వర్క్‌ఫోర్స్ ఇన్నొవేషన్ అండ్ ఆపర్చునిటీ యాక్ట్, అందరూ వియోవా అంటారు. దాని 101వ సెక్షన్ ప్రకారం సభ్యుల్లో సగానికి మించి వ్యాపార ప్రతినిధులుండాలి, కనీసం 20 శాతం కార్మిక పక్షం ఉండాలి. గవర్నరు, శాసనసభ ఒక్కో సభ నుంచి ఒకరు, ప్రధాన కార్యక్రమాలు నడిపే శాఖాధిపతులు, నగరాల, కౌంటీల ఎన్నికైన అధికారులు మిగతావాళ్లు. ఛైర్‌ని వ్యాపార ప్రతినిధుల్లోంచే గవర్నరు ఎంచుకోవాలి. పాత చట్టాల కాలం నుంచి వేరే రూపంలో నడుస్తున్న కొన్ని బోర్డులకు మినహాయింపు ఉంది.

లెక్క తప్పేది ఎక్కడో చూడండి. 33 మంది బోర్డులో కనీసం 17 మంది వ్యాపారులు కావాలి. 20 శాతమంటే 6.6 కాబట్టి కార్మిక పక్షం ఏడుగురు. సరిగ్గా 17 మందే ఉండి, ఒకాయన కంపెనీ అమ్మేసి తప్పుకున్నాడనుకోండి. 32లో 16 అంటే సగమే, మెజారిటీ పోయినట్టే. అందుకే ఖాళీ వస్తే గవర్నరుకి తెలియజేసే పద్ధతి బైలాస్‌లో, అంటే బోర్డు నియమావళిలో, ఉండాలని ఫెడరల్ నిబంధన. ఆ సీటు మీ హోదాకిచ్చేది, మీకు కాదు. ప్రత్యామ్నాయ ప్రతినిధిని పంపడానికి బైలాస్ ఒప్పుకున్నా, విధానం గానీ నియామకం గానీ తేల్చే అధికారం ఆ మనిషికి ఉండాలి. ఖాళీగా ఉన్నవాళ్లెవరో ఒకరిని పంపేస్తే చెల్లదు.

ఫార్ములా పిచ్చి:
డబ్బు సంగతి నేను చెప్తా, ఎందుకంటే అసలు గొడవంతా ఇక్కడే. లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి టైటిల్ 1 (వియోవా మొదటి భాగం) నిధులు మూడు పాయలుగా వస్తాయి: అడల్ట్, యూత్, డిస్‌లొకేటెడ్ వర్కర్ (లేఆఫ్‌ల లాంటి వాటిలో ఉద్యోగం పోయినవాళ్లు). ఒక్కోదాంట్లో 15 శాతం దాకా గవర్నర్ రిజర్వుగా ఉంచుకోవచ్చు. డిస్‌లొకేటెడ్ వర్కర్ పాయలో అదనంగా 25 శాతం దాకా రాపిడ్ రెస్పాన్స్‌కి, అంటే ఫ్యాక్టరీలు మూతపడినప్పుడు, పెద్ద లేఆఫ్‌లప్పుడు చేసే పనులకి. రాష్ట్రానికి ఒక్కో పాయలో కోటి డాలర్లు వచ్చాయనుకుంటే అడల్ట్‌లో కనీసం 85 లక్షలు, డిస్‌లొకేటెడ్‌లో కనీసం 60 లక్షలు లోకల్ ఏరియాలకి, అంటే ఒక్కో లోకల్ బోర్డు చూసే ప్రాంతాలకి, పోవాల్సిందే. బోర్డు మాట్లాడేది ప్రధానంగా ఆ 15 శాతం మీద, పంపకం ఫార్ములా మీద.

అడల్ట్ ఫార్ములా చాలావరకు చట్టంలోనే రాసి ఉంది: మూడో వంతు నిరుద్యోగం 6.5 శాతమో అంతకంటే ఎక్కువో ఉన్న ప్రాంతాల్లోని నిరుద్యోగుల లెక్కన, మూడో వంతు 4.5 శాతం దాటిన నిరుద్యోగం లెక్కన, మూడో వంతు పేద అడల్టుల సంఖ్య లెక్కన. డిస్‌లొకేటెడ్‌లో ఏ అంశానికి ఎంత బరువో నిర్ణయించేది గవర్నరే, సిఫార్సు బోర్డుది. నిరుద్యోగ భృతి డేటాకి బరువు పెంచితే ఎవరికి లాభం, దీర్ఘకాల నిరుద్యోగానికి పెంచితే ఎవరికి లాభం అన్నది ప్రతి లోకల్ డైరెక్టరూ ముందే లెక్కేసుకుని వస్తారు. వాళ్లు వేసుకొచ్చిన పట్టిక చూడకుండా ఓటెయ్యకండి.

హోల్డ్ హార్మ్‌లెస్ అని ఇంకోటుంది. ఏ ఏరియా వాటా అయినా గత రెండేళ్ల సగటు వాటాలో 90 శాతం కంటే తగ్గకూడదు. ఒక ఏరియాకి 8, 10 శాతం వచ్చుంటే సగటు 9, కాబట్టి ఈసారి కనీసం 8.1. ఆ లోటు మిగతా ఏరియాల వాటాల్లోంచి కోస్తారు. ‘మా కౌంటీలో నిరుద్యోగం పెరిగింది, డబ్బెందుకు పెరగలేదు’ అని కమిషనర్లు అడిగేదానికి చాలాసార్లు జవాబు ఇదే.

మినిట్స్ మేడమ్:
పైవన్నీ సరే, లేత్‌మెషిన్ గారూ. పూర్తి బోర్డు మీటింగు మొదలయ్యేసరికే సగం నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. ముసాయిదా స్టాఫ్ రాస్తారు, కమిటీలో నలుగుతుంది, ఎగ్జిక్యూటివ్ కమిటీ అజెండా ఖరారు చేస్తుంది. పూర్తి బోర్డులో చాలా అంశాలు కన్సెంట్ అజెండాలో, అంటే చర్చ లేకుండా కలిపి పెట్టే జాబితాలో, ఒక్క ఓటుతో పోతాయి. అందులోంచి దేన్నైనా విడిగా చర్చకు తియ్యాలంటే ఓటుకి ముందే అడగాలి. కాబట్టి సీటు తీసుకుంటే కమిటీ కూడా అడిగి తీసుకోండి. నా లెక్కలో పనితీరు కొలతలు చూసే కమిటీ మేలు.

పెద్ద పని నాలుగేళ్ల రాష్ట్ర ప్రణాళిక. ఇప్పుడున్నది 2024 జూలై 1 నుంచి 2028 జూన్ 30 దాకా, రెండేళ్లకోసారి సవరణ. వాషింగ్టన్‌కి గడువు మార్చి ప్రాంతంలో ఉంటుంది. ప్రజల అభిప్రాయాలు తీసుకోవడానికి సమయం వదలాలి కాబట్టి అసలు చర్చ ముందటి శరదృతువులోనే జరగాలి. జనవరిలో 200 పేజీలు చేతికిచ్చి ఆమోదించమన్నారంటే, అక్కడ మీ మాటకి చోటు లేనట్టే.

కాంట్రాక్టు సంగతి. అది సభ్యత్వానికి అడ్డం కాదు. మీరు గానీ మీ సంస్థ గానీ అందించే సేవల విషయంలో, మీకో మీ దగ్గరి కుటుంబానికో నేరుగా ఆర్థిక లాభం కలిగే విషయంలో ఓటు వేయకూడదని చట్టం. మీ ఓజేటీ కాంట్రాక్టు లోకల్ బోర్డుతో కాబట్టి, అది రాష్ట్ర బోర్డు ఓటుకి రావడం అరుదు. చిక్కు వచ్చేది రెండు చోట్ల: గవర్నర్ రిజర్వు నుంచి మీ పరిశ్రమకి గ్రాంటు ఇస్తున్నప్పుడు, ఓజేటీ జీతం రీయింబర్స్‌మెంటు మామూలు 50 నుంచి 75 శాతం దాకా పెంచే విధానం చర్చకొచ్చినప్పుడు. మొదటిదాంట్లో మీ కంపెనీ పేరుంటే తప్పుకోండి. రెండోది అందరు యజమానులకీ వర్తించే విధానమైనా, లాయర్‌ని ముందే అడిగి జవాబు ఈమెయిల్లో పెట్టించుకోండి. ఓటు మానేస్తే చాలా, చర్చప్పుడు గది వదలాలా అన్నది మీ రాష్ట్ర ఎథిక్స్ నియమాల్లో ఉంటుంది. తప్పుకున్నట్టు మినిట్స్‌లో ఎక్కిందో లేదో తర్వాతి మీటింగులో సరిచూసుకోండి.

లేత్‌మెషిన్:
ధన్యవాదాలండీ. తప్పుకున్నవాళ్లు కోరంలో లెక్కకొస్తారా?

బైలాస్ బాబాయ్:
బైలాస్ మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని చోట్ల హాజరు లెక్క, కొన్ని చోట్ల ఓటేయగలవాళ్ల లెక్క. నామినేషన్‌కి ఒప్పుకునే ముందు బైలాస్, గత నాలుగు మీటింగుల మినిట్స్ అడగండి. అడిగితే ఇవ్వాల్సినవే, చట్టంలోనే సన్‌షైన్ నిబంధన (బోర్డు పని జనానికి తెలిసేలా ఉండాలన్నది) ఉంది. కోరం లేక వాయిదా పడ్డ మీటింగులు ఎన్నో అందులోనే కనపడుతుంది.